మానవుని పేరిట ఒక యుగం



మానవుడు భూమినే మార్చివేసిన ఈ కాలాన్ని ‘ఆంత్రోపోసీన్’, అనగా మానవయుగం, అని పిలువవలెనని పాల్ క్రుట్జెన్ 2000లో సూచించారు. 1952 నాటి అణుపరీక్షల ధూళిని దాని ఆరంభ చిహ్నంగా ప్రతిపాదించగా, 2024 మార్చిలో భూవిజ్ఞానుల అంతర్జాతీయ సంఘం తిరస్కరించింది.

పేరు లేకున్నా గుర్తులు చెరగవు. ఈ పుదుచ్చేరి రేవుకై 1980లలో సముద్రంలోకి కట్టిన రాతిగోడలు ఉత్తరానికి సాగే ఇసుకను అడ్డగించినవి. పట్టణపు తీరం కోసుకుపోయి, ఇసుక స్థానంలో బండరాళ్లు మిగిలినవి. 2018లో నీట ముంచిన కృత్రిమ దిబ్బతో కొంత ఇసుక తిరిగి చేరినది.

గోడ నిర్ణయించినవారు వేరు, పడవ నిలుపు చోటు కోల్పోయిన జాలరి వేరు. ఇరువురినీ ‘మానవుడు’ అను ఒక్క మాటలో కలుపరాదని మా అభిప్రాయం. బొగ్గు బండ్లు నడిపిన మనకూ ఇందు పాలున్నది. కాని ఆ నిర్ణయాలలో మన మాట లేదు. బాధ్యత పంచుటకు ముందు నిర్ణయాధికారం పంచవలె!