బిడ్డను విడువదలచిన తల్లి



మన భీమునిపట్నమున కొండపై నృసింహస్వామి వెలసియున్నాడు. అల్లంత దూరమున సింహాచలమున వరాహనృసింహస్వామి వెలసియున్నాడు. సింహాచల స్థలపురాణమును మీరందరును ఎరుగుదురు. హిరణ్యకశిపుడు కన్నకొడుకును సముద్రమున పడవేయించి, పైన కొండను మోపించినాడు. స్వామి వచ్చి బాలుని ఉద్ధరించినాడు. ఈ కథ విన్నప్పుడెల్ల, బిడ్డను విడిచినవారందరును హిరణ్యకశిపుని వంటివారే యని మనమనుకొందుము. మేమును చిరకాలము అట్లే చెప్పుచు వచ్చినాము. అది పొరపాటని మాకు ఒక తల్లివలన తెలిసినది.

కొన్ని సంవత్సరముల క్రిందట ఒక సాయంకాలము ఆమె మా యింటి అరుగు వద్దకు వచ్చినది. ఆమెకు పదుమూడేండ్ల కొడుకు. రాత్రులు నిద్రపోడు. కోపము వచ్చినచో తల్లిని కొట్టును, చెల్లెలిని గోడకు నెట్టును. బడికి పంపవద్దన్నారు. భర్త ఇల్లు విడిచిపోయినాడు. "పంతులుగారూ, వీణ్ణి ఏ మఠంలోనైనా, ఆశ్రమంలోనైనా ఉంచుకుంటారా? అప్పగిస్తే పాపమా?" అని అడిగినది. మేము ఆలోచింపక, "కన్నతల్లికి అట్టి తలంపు రావడమే పాపము తల్లీ" అన్నాము. గ్రహశాంతికి చీటీ వ్రాసి యిచ్చినాము. ఆమె నమస్కరించి వెళ్ళినది. మరి యేడాదిపాటు దేవాలయమునకు రాలేదు. ఆ యేడాది ఆమె కొడుకును కిటికీ ఊచకు చీరకొంగుతో కట్టి కూలికి పోయెడిదని తరువాత మాకు తెలిసినది.

ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. బాల్యమున పాఠశాలలో గురువుగారి యెదుట అధ్యయనము చేసిన శునశ్శేపాఖ్యానము జ్ఞప్తికి వచ్చినది. ఋగ్వేదమునకు చెందిన ఐతరేయ బ్రాహ్మణమున, ఏడవ పంచికయందు ఈ కథ కలదు. రాజసూయమున హోత దీనిని చెప్పవలెను. సంతానము కోరువారును దీనిని చెప్పించుకొనవలెనని అచ్చటనే యున్నది. బిడ్డలు కావలెననువారు, బిడ్డను అమ్ముకొన్న తండ్రి కథను ఏల వినవలెనో ఆలోచింపుడు.

హరిశ్చంద్రుని కుమారుడు రోహితుడు వరుణునకు బలికావలసియుండెను. అతడు అడవిలో ఆకలితో అలమటించుచున్న అజీగర్తుని చూచి, "నూరు ఆవులనిచ్చెదను, నాకు మారుగా నీ కొడుకునొకనిని ఇమ్ము" అన్నాడు. పెద్దవానిని తండ్రి విడువలేదు, చిన్నవానిని తల్లి విడువలేదు. నడిమివాడైన శునశ్శేపుడు మిగిలినాడు. యజ్ఞశాలలో బాలుని యూపమునకు కట్టుటకు ఎవ్వరును ముందుకు రాలేదు. మరి నూరు ఆవులకు తండ్రియే కట్టినాడు. ఇంకొక నూటికి కత్తి పట్టినాడు. బాలుడు దేవతలను స్తుతింపగా కట్లు వీడిపోయినవి. అతడు విశ్వామిత్రుని ఒడిలో కూర్చున్నాడు. తండ్రి తిరిగి రమ్మని పిలిచినను పోలేదు. చేత కత్తి పట్టితివని, నాకంటె మూడు వందల గోవులే నీకు మిక్కిలియైనవని నిందించినాడు.

ఇందు రెండు సంగతులు గమనింపుడు. మొదటి నూరు ఆవులకు కారణము ఆకలి. తరువాతి రెండు నూర్లకు ఆ సాకు లేదు. బిడ్డను భరింపలేక అప్పగించుట వేరు, బిడ్డపై కత్తి యెత్తుట వేరు. మరియొకటి: ఆ కుటుంబమునకు అంతకుముందు ఎవ్వరైనను పిడికెడు బియ్యము పెట్టినట్లు కథలో లేదు. వారి గుడిసెకు మొదట వచ్చినవాడు బిడ్డను కొనవచ్చినవాడే!

ఈ కాలమునను ఇట్టిది జరిగినది. అమెరికా దేశమున, పసికందులను చెత్తకుండీలపాలు చేయకుండుటకై, వైద్యశాలలో అప్పగించిన తల్లిదండ్రులను శిక్షింపరాదని చట్టములు చేసినారు. 1999లో టెక్సాస్ రాష్ట్రము మొదట చేసినది. 2008లో నెబ్రాస్కా రాష్ట్రము చేసిన చట్టమున బిడ్డ వయస్సు ఇంతయని వ్రాయలేదు. కొలది మాసములలోనే 36 మంది పిల్లలను తెచ్చి విడిచినారు. వారిలో పురిటిబిడ్డ ఒక్కడును లేడు. అనేకులు పదేండ్లు దాటినవారు, మనోవ్యాధులతో బాధపడినవారు. ఇతర రాష్ట్రములనుండియు కొందరిని కార్లలో తెచ్చినారు. భార్య మరణించిన ఒక తండ్రి ఒక్కనాడే తొమ్మిదిమంది బిడ్డలను విడిచినాడు. ఆ నవంబరులో శాసనసభ, ముప్పది దినములలోపు శిశువులకే యని చట్టమును సవరించినది. తలుపు మూసినంత మాత్రమున, దానిని తట్టినవారి కష్టము తీరునా?

మన దేశమున 2015 నాటి బాలల న్యాయ చట్టము ఒక మార్గము చూపినది. తమ చేతిలో లేని కారణములవలన బిడ్డను సాకలేనివారు, బిడ్డ పదునెనిమిదేండ్ల లోపువాడైనచో, జిల్లాలోని బాలల సంక్షేమ సమితి యెదుటకు తీసికొనిపోవచ్చును. సమితివారు విచారించి, నచ్చజెప్పి, తప్పనిసరియైనప్పుడే పత్రము వ్రాయించుకొందురు. పునరాలోచనకు రెండు మాసముల గడువు నిత్తురు. విధిలేక విడిచిన కన్నవారిని ఈ చట్టము కావలెనని విడిచినవారిగా చూడదు. ధర్మశాస్త్రము చదివిన మాకు లేని కనికరము శాసనమునకున్నదని మేము సిగ్గుపడినాము.

ఆ తల్లికి సహాయము చేసినది మేము కాదు. ప్రక్కవీధిలోని విశ్రాంత ఉపాధ్యాయిని ఒకరు బాలుని విశాఖపట్నములోని మానసిక వైద్యశాలకు తీసికొనిపోయినారు. నెలనెలా మందులకై బస్సులో వెంట పోయినారు. వారమునకు రెండు సాయంకాలములు బాలుని తమ యింట కూర్చుండబెట్టుకొని, తల్లిని నిద్రపొమ్మన్నారు. వ్యాధి పూర్తిగా నయము కాలేదు. అయినను కిటికీకి కట్టిన చీర విప్పినారు. బిడ్డ తల్లివద్దనే యున్నాడు.

మొన్న ఆమె దర్శనమునకు వచ్చినప్పుడు మేమే క్షమింపుమన్నాము. ఆమె, "ఆనాడు నేనడిగింది పాపమా అని కాదు పంతులుగారూ, ఎవరైనా సాయం చేస్తారా అని" అన్నది. మేము మాటలను విన్నాము గాని మనస్సును వినలేదు.

శాంతులు చేయింపవలదని మేము చెప్పుటలేదు. శాంతితోపాటు వైద్యుని వద్దకును పంపవలెను. ఆపదలోనున్న పిల్లలకొరకు 1098, మనోవ్యాధులకొరకు 14416 అను ఉచిత టెలిఫోను అంకెలు కలవు. వ్రాసియుంచుకొనుడు. అంతకంటె ముందు చేయవలసినది మరియొకటి కలదు. ఈ మండపమున ఇట్టి తల్లి కన్నీరు పెట్టుకొనుచు కనబడినచో, ప్రసాదము చేతిలో పెట్టి, "అమ్మా, మీ యింటికి రేపు మేము వచ్చెదము" అనుడు. అన్నమాట ప్రకారము వెళ్ళుడు.

విశ్వామిత్రుని ఒడి ఆ బాలునకు ఆశ్రయమైనది. అట్టి ఒడి బిడ్డకే కాదు, అలసిన తల్లిదండ్రులకును కావలెను. ఊరే ఆ ఒడి కాగలిగినచో, బిడ్డను విడువవలసిన తల్లులు తగ్గుదురు. నృసింహస్వామి మనకు అట్టి బుద్ధిని ప్రసాదించుగాక!

స్వస్తి.