మునగవలసినది తేలింది



బియ్యం గాలించడం మనకు కొత్త కాదు కదూ! గిన్నె ఆడిస్తూ వంపుతూ ఉంటే బియ్యం నీళ్ళతో జారిపోతాయి, రాళ్ళు అడుగున మిగులుతాయి. బరువైనది మునుగుతుంది. ఈ లెక్క తలకిందులయ్యే చోటు ఒకటుంది. ఇవాళ ఆ సంగతి చెబుతాను.

శంషాబాద్ పక్కన సాతంరాయి చుట్టూ కనిపించేది గ్రానైటు. అందులో సీసం కోసం వెతికి లాభం లేదు. పల్నాడులో అగ్నిగుండాల దగ్గర బండలమొట్టు కొండ అలాంటిది కాదు. అక్కడి రాతిలో సీసం గంధకంతో కలిసి, మెరిసే గింజలుగా ఉంటుంది. దానిని గెలీనా అంటారు. హిందుస్థాన్ జింక్ వారు అక్కడ కొన్నేళ్ళు గని నడిపారు. ఇప్పుడది నడవడం లేదు.

గెలీనా నీటికంటే ఏడున్నర రెట్లు బరువు. దాన్ని అంటిపెట్టుకున్న మామూలు రాయి రెండున్నర రెట్లకు కాస్త ఎక్కువ. రెండూ కలిసిన ధాతువును పిండిలా నూరి నీళ్ళలో కలిపితే ముందు ఏది మునగాలి? గెలీనాయే. కాని తేలేది అదే!

కిటుకు బరువులో లేదు, ఒంటి స్వభావంలో ఉంది. తామరాకు మీద నీటిబొట్టు నిలవదు, జారిపోతుంది. ఆ నూరిన బురదలో గ్జాంథేట్ అనే మందు రవ్వంత వేస్తారు. టన్ను రాతికి సాధారణంగా వంద గ్రాములు కూడా పట్టదు. అది గెలీనా గింజలను పట్టుకుని వాటిని తామరాకులా చేసేస్తుంది. మామూలు రాతి జోలికి పోదు. పైగా నురగ నిలవడానికి దేవదారు జాతి చెట్ల నూనెలాంటిది కొంచెం పోసి, అడుగునుంచి గాలి ఊదుతారు. నీళ్ళంటే గిట్టని గింజలు గాలి బుడగను కరుచుకుని పైకొస్తాయి. పప్పు పొంగు తీసినట్టు ఆ నల్లని నురగను తెడ్లతో తీసేస్తారు. మనం పారబోసేది వాళ్ళకు సొమ్మన్నమాట! దీన్నే ప్లవన ప్రక్రియ అంటారు. మన ఇళ్ళ తీగల్లోని రాగి కూడా చాలావరకు ఇలా నురగెక్కి వచ్చినదే. నూరు కిలోల రాతిలో ఒక కిలో రాగి ఉన్నా గని గిట్టుబాటవుతున్నదంటే దీని చలవే. అడుగున మిగిలిన బురదను ఎక్కడ పోయాలన్నది మాత్రం గనుల చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళకు ఇప్పటికీ తలనొప్పే.

ఇక అసలు నేను చెప్పదలచుకున్నది. ఈ దారిలో తొలి అడుగులు వేసినవారిలో ఒక ఇల్లాలున్నారు. పేరు కేరీ ఎవర్సన్, అమెరికాలో షికాగో వాసి. భర్త వైద్యుడు, గనుల్లో డబ్బు పెట్టి పోగొట్టుకున్నారు. ఆవిడ రసాయనశాస్త్రం స్వయంగా చదువుకుని, ప్రయోగాలు చేసి, నూనె, ఆమ్లం కలిపి ఖనిజాన్ని వేరుచేసే పద్ధతికి 1886లో పేటెంటు పొందారు. గాలి ఊదడం తరువాతివాళ్ళు చేర్చినది. 1900 దాటాక ఆస్ట్రేలియాలోని బ్రోకెన్ హిల్‌లో ప్లవనం పెద్దఎత్తున సాగేనాటికి ఆవిడ పేటెంటు గడువు తీరిపోయింది. ఆవిడకు దక్కినది ఏమీ లేదు. 1914లో పోయారు.

తరువాత ఒక కథ పుట్టింది. ఆవిడ ఒక పంతులమ్మ అట, ధాతువు మోసిన జిడ్డు సంచులు ఉతుకుతుంటే నురగలో ఖనిజం కనిపించిందట! పుస్తకాల్లోకి కూడా ఎక్కిందీ కథ. ఆడది కనిపెట్టిందంటే చాకిరేవులోనే అయి ఉండాలి కాబోలు! ఆవిడ పేటెంటు కాగితం ఇప్పటికీ ఉంది. అందులో సంచుల ఊసు లేదు. నూనెలున్నాయి, ఆమ్లాలున్నాయి, వాటిని ధాతువుతో ఎలా కలపాలో ఉంది.