బిగుసుకొనిన టపాపెట్టె



ఈ సాయంకాలము నేను మాటలాడబోవు విషయము వ్యాకరణము గాదు, పురాణము గాదు. ముప్పదియైదు సంవత్సరములు తెలుగు పండితుడనై పిల్లలకు సంధులు, సమాసములు చెప్పినవాడను. ఇప్పుడు ఈపూరిలో స్వగృహమున విశ్రాంతిగా నున్నవాడను. ఇట్టివాడు కంప్యూటరును గూర్చి యుపన్యసింప బూనుట సాహసమని మీకు తోపవచ్చును. నాకును మొదట నట్లే తోచినది. కాని గత కార్తికమాసమున నాకు కలిగిన యొక చిక్కు, దానినుండి నేను బయటపడిన తీరు మీలో ననేకుల కుపయోగపడునని తలచి యిచటికి వచ్చితిని. ఇప్పుడు పల్లెలలో సైతము బల్లమీద కంప్యూటరున్న యిండ్లు కలవు. కుమారుడో, కుమార్తెయో హైదరాబాదుననో, అమెరికాలోనో ఉందురు. పింఛను కాగితములు, పొలము పత్రముల నకళ్లు, మనుమల ఛాయాపటములు ఈ యంత్రము గుండనే వచ్చుచున్నవి.

ఈమెయిలును విద్యుల్లేఖ యని యనవచ్చును. పండితుడనగుటచే నా నోట నా మాటయే రావలయును. కాని ఈపూరు బస్సుస్టాండులో విద్యుల్లేఖ యన్నచో నెవ్వరికిని తెలియదు. ఈమెయిలన్నచో నందఱకును తెలియును. కావున నేనును ఈమెయిలనియే యందును. అమెరికాలో రే టాంలిన్సన్ అను నతడు 1971 లో ఒక కంప్యూటరునుండి ప్రక్కనున్న మఱియొక కంప్యూటరునకు తంత్రుల వల గుండ నిట్టి లేఖను పంపి చూచెను. చిరునామాలో మనిషి పేరునకును, యంత్రము పేరునకును నడుమ సున్నలో చుట్టిన ఆంగ్లాక్షరము వంటి గుర్తు నుంచినవాడు నతడే. మన దేశమున 1995 ఆగస్టు 15 వ తేదీన సామాన్య ప్రజలకు ఇంటర్నెట్టు అందుబాటులోనికి వచ్చెను. 2013 జూలైలో తంతి వార్తలు నిలిచిపోయెను. ఇంత మాత్రము చరిత్ర చాలును.

వినుకొండలో నాకొక మిత్రుడుండెడివాడు. వయస్సున నాకంటె పదునాలుగేండ్లు పెద్ద. విద్యలో నంతకంటె నెంతో పెద్ద. చిన్నయసూరి 1858 లో ప్రకటించిన బాలవ్యాకరణమున నాకు సందేహము కలిగినప్పుడెల్ల ఆయనకు వ్రాయుచుంటిని. ఆయనకు చూపు తగ్గినది. సమాధానము నోట చెప్పగా మనుమడు టైపు చేసి ఈమెయిలుగా పంపుచుండెను. ఎనిమిది సంవత్సరములు ఇట్లు జరిగినది. ఒక్కొక్క లేఖ యొక్కొక్క పాఠము. 2021 లో ఆయన స్వర్గస్థుడయ్యెను. ఆ లేఖలలో నొక్కదానినైనను నేను కాగితముమీద నచ్చు తీయించుకొనలేదు. పెట్టెలో నున్నవి గదా యను ధీమా!

ఆ పెట్టెయే కార్తికమున బిగుసుకొనినది. ఈమెయిలు ప్రోగ్రామును తెఱచి, వచ్చిన లేఖల యఱ మీద నొక్కగానే తెర తెల్లబాఱును. పై పట్టీలో 'నాట్ రెస్పాండింగ్' అను మాట కనబడును. పిల్లలు దీనినే హ్యాంగయినది అందురు. ఒకనాడు పది నిమిషములకు తేఱుకొనును, మఱియొకనాడు అసలు తేఱుకొనదు. కోపము పట్టలేక రెండుసార్లు గోడమీది స్విచ్చి నాపివేసితిని. చెప్పుటకు సిగ్గుగా నున్నది గాని, చేసిన తప్పు చెప్పకుండ చికిత్స చెప్పుట వైద్యధర్మము గాదు. అట్లు ఆపుటవలన వ్రాత నడుమ తెగి లేఖల ఫైలు చెడిపోవచ్చునని తరువాత తెలిసికొంటిని. ఐదు సెకండ్లపాటు ప్రోగ్రాము మన పిలుపునకు పలుకనిచో విండోస్ దాని ముఖముమీద తెల్లని ముసుగు కప్పి ఆ మాట వ్రాయునట. పలుకనంత మాత్రమున చచ్చినదని కాదు. ధాన్యపు బస్తా మోయుచు మెట్లెక్కువానిని క్రిందినుండి పిలిచినచో వాడు పలుకునా?

యంత్రమును మోసికొని పట్టణమున నొక దుకాణమునకు పోయితిని. అచటి యువకుడు రెండు నిమిషములు చూచి, "మాస్టారూ, అంతా చెఱిపివేసి క్రొత్తగా వేసికొందము. గంటలో తీసికొని పోవచ్చును" అనెను. మంచివాడే, రోజునకు పదుగురికి అదే మందు నిచ్చుచున్నాడు, పదుగురికిని నయమగుచున్నది. "చెఱిపినచో నా లేఖల సంగతి యేమి?" అని యడిగితిని. "అవి సర్వరులో నుండును లెండి" అనెను. అతడు వెదకకయే చెప్పుచున్నాడని గ్రహించి యంత్రమును మరల నింటికి తెచ్చుకొంటిని.

ఇచట నొక సంగతిని మీరు తప్పక తెలిసికొనవలయును. లేఖలను తెచ్చుకొనుటకు రెండు పద్ధతులు కలవు. ఐమ్యాప్ అను పద్ధతిలో అసలు లేఖ దూరమున సర్వరు అను పెద్ద యంత్రముననే యుండును; మన యింట నున్నది దాని నకలు. పాప్ అను పద్ధతిలో ప్రోగ్రాము సర్వరునుండి లేఖను ఇంటికి తెచ్చివేయును. అచట నొక ప్రతిని మిగుల్చుమని మనము చెప్పియుండనిచో, పోస్టాఫీసునుండి కవరు తెచ్చుకొనినట్లే, అచట నేమియు మిగులదు. 2011 లో మా మేనల్లుడు నాకు పాప్ పద్ధతిని ఏర్పఱచెను. ప్రతిని మిగుల్చుమని చెప్పలేదు. తరువాత యంత్రము మారినది గాని యేర్పాటు మారలేదు. అనగా నా మిత్రుని లేఖలకు లోకమున నున్నది ఒక్కటే ప్రతి. అది బిగుసుకొనిన నా పెట్టెలోనిది. ఆ దుకాణమున నేను తలయూపియున్నచో గంటలో నన్నియు పోయియుండును.

నా పూర్వవిద్యార్థి కుమార్తె యొకతె నరసరావుపేటలో ఇంజనీరింగు చదువుచున్నది. సెలవులకు వచ్చినప్పుడు కబురు పెట్టితిని. ఆమె కుర్చీలో కూర్చుండి, "తాతగారూ, మొదట దేనిని బాగుచేయవద్దు. మొదట నకలు తీయుదము" అనెను. ఈ మాట విని నాకు ప్రాణము లేచివచ్చినది. తాళపత్రమును విప్పుటకు ముందు ప్రతి వ్రాసికొనుట మా గురువులు నేర్పిన పద్ధతియే. ప్రోగ్రామును పూర్తిగా మూసి (తెఱచియుండగా తీసిన నకలు నమ్మదగినది కాదు), లేఖలుండు ఫోల్డరును పెన్‌డ్రైవులోనికి పంపితిమి. కొంత పోయిన తరువాత నిలిచిపోయెను. ఫైలు మిక్కిలి పెద్దది, పట్టదు అని సందేశము. పెన్‌డ్రైవున ముప్పది జీబీల ఖాళీ కలదు! ఖాళీ యుండియు పట్టకపోవుటయేమి?

చిన్నదానికి వెంటనే తెలిసినది. ఆ పెన్‌డ్రైవు ఫ్యాట్ 32 అను పాత పద్ధతిలో సిద్ధపఱుపబడినది. ఆ పద్ధతిలో ఒక్క ఫైలు నాలుగు జీబీలు మించరాదు. డ్రైవెంత పెద్దదైనను సరియే. వేఱు పద్ధతిలో సిద్ధపఱచిన మఱియొక డ్రైవు తెచ్చితిమి, నకలు వచ్చినది, దానిని తెఱచి సరిచూచుకొంటిమి. కాని నా మనస్సు ఆ యాటంకముమీదనే నిలిచినది. నాకు వచ్చిన లేఖలు పదునాలుగేండ్లలో తొమ్మిదివేలకు మించవు. ఆ యఱ యొక్కటే 4.6 జీబీలెట్లయినది? రోగము దొరకకముందే నాడి దొరకినది.

అయినను అనుమానము ప్రమాణము గాదు. తర్కశాస్త్రమున అన్వయవ్యతిరేకములని కలవు: ఇది యున్నప్పుడు అది యున్నదా, ఇది లేనప్పుడు అదియు లేదా అని పరీక్షించుట. కారణమును నిర్ణయించుట కింతకంటె మంచి సాధనమును ఈ కంప్యూటరు శాస్త్రజ్ఞులును కనిపెట్టినట్లు లేదు. ఇంటర్నెట్టు తీగను పెఱికి చూచితిమి. బిగువు తగ్గలేదు, కావున తప్పు లైనుది కాదు. ప్రోగ్రామునకు తగిలించిన చిల్లర యలంకారములను ఆపి తెఱచితిమి. అట్టి దారి కొన్ని ఈమెయిలు ప్రోగ్రాములందు కలదు, థండర్‌బర్డునందు సహాయపు మెనూలోనే ట్రబుల్‌షూట్ మోడ్ అను పేర నుండును, అవుట్‌లుక్‌లో సేఫ్ మోడ్ అందురు. అప్పుడును బిగువు తగ్గలేదు. వైరస్సు కాపలా ప్రోగ్రామును కొంతసేపు లేఖల ఫోల్డరు జోలికి పోవద్దంటిమి. ఒకింత తేలికపడినది గాని పోలేదు. పంపిన లేఖల యఱ, పాత యఱలు నొక్కి చూచితిమి, రెప్పపాటులో తెఱచుకొనినవి. వచ్చిన లేఖల యఱ నొక్కితిమి, తెర తెల్లబాఱినది. అన్వయమును దొరకినది, వ్యతిరేకమును దొరకినది.

ఇంతకును ఆ యఱ యేల నంత లావయ్యెను? పెద్దలకు కరణముగారి దస్త్రములు జ్ఞాపకముండును. 1984 లో కరణీకములు రద్దయినవి గాని, ఆ పుస్తకములను చూచినవారు మనలో నింకను కలరు. తప్పు పద్దును కరణము చించివేయడు. అడ్డముగా గీత గీయును. గీత గీసినంత మాత్రమున పుట తగ్గునా? పెక్కు ఈమెయిలు ప్రోగ్రాములు ఒక యఱలోని లేఖలన్నిటిని ఒకే పొడుగాటి ఫైలుగా, ఒకదాని క్రింద నొకటిగా వ్రాసికొనును. మనము ఒక లేఖను తొలగించినప్పుడు అది చెత్తబుట్టకు పోయినట్లు కనబడును. మొదటి చోటున మాత్రము గీత గీయబడి యట్లే యుండును. ఆ గీతల పుటలను నిజముగా తీసివేసి శుద్ధప్రతి వ్రాయుటకు వేఱొక యాజ్ఞ కలదు; దానిని కాంపాక్ట్ అందురు. నేను పదునాలుగేండ్లు గీతలు గీయుచుంటిని. శుద్ధప్రతి యొక్కసారియు వ్రాయించలేదు.

ఇంకొక కారణము ఛాయాపటములు. ఈమెయిలు పూర్వము వట్టి ఆంగ్లాక్షరముల కొఱకే యేర్పడినది. అందుచే బొమ్మను పంపవలసినప్పుడు దానిని అక్షరములుగా మార్చుదురు. మూడు పాళ్ల సరకునకు నాలుగు పాళ్ల యక్షరములగును. మూడు మెగాబైట్ల పెండ్లి ఫోటో నాలుగు మెగాబైట్లకు పైగా నై కూర్చుండును. మా బంధువులు ఒక్క పెండ్లికి పంపిన ఫోటోలు, నా మిత్రుని యెనిమిదేండ్ల పాండిత్యమునకు ఎన్నో రెట్లు చోటాక్రమించినవి. పెండ్లికొడుకును నేనేమియు ననను.

శుద్ధప్రతి వ్రాయుటకు పాత పుస్తకముగాక క్రొత్త పుస్తకమునకు చోటు కావలయును గదా. అట్లే కాంపాక్టునకు ముందు యంత్రమున ఖాళీ యుండవలయును. చెత్తబుట్టను ఖాళీ చేసి, పనికిరాని సినిమాలను తీసివేసితిమి. కరెంటు పోకుండ ఇన్వర్టరుకు తగిలించితిమి. ఆజ్ఞ యిచ్చితిమి. తెర మరల తెల్లబాఱినది. నా చేయి స్విచ్చివైపు పోవుచుండగా చిన్నది, "తాతగారూ, ముట్టుకొనకండి" అని వారించెను. వరండాలోనికి పోయి కూర్చుంటిని. బయట రోడ్డుమీద పత్తిబోరెముల ట్రాక్టర్లు పోవుచున్నవి, వానిని లెక్కపెట్టుచుంటిని. పదునొకండవది పోయినప్పుడు లోపలినుండి పిలుపు వచ్చినది. 4.6 జీబీల ఫైలు 1.8 అయినది. సగము కంటె నెక్కువ గీతల పుటలే!

తరువాత ఆ యఱ సూచికను చెఱిపి మరల కట్టించితిమి. థండర్‌బర్డునందు యఱ లక్షణములలో రిపేర్ ఫోల్డర్ అను మీట యిందుకొఱకే యున్నది. అవుట్‌లుక్ పాప్ పద్ధతిలో వాడువారికి సాధారణముగా లేఖలన్నియు పీఎస్‌టీ అను ఫైలులో నుండును. పూర్వపు రూపములో అది రెండు జీబీలు మించినచో చెడెడిది, 2003 లో వచ్చిన క్రొత్త రూపమున ఆ హద్దు పెరిగినది. దానిని సరిచేయుటకు స్క్యాన్‌పీఎస్‌టీ అను పనిముట్టు ఆ ప్రోగ్రాముతోడనే వచ్చును. ఏది వాడినను ముందు నకలు తీయుట మఱువరాదు. లేఖలను సంవత్సరముల వారిగా వేఱువేఱు అఱలలో సర్దితిమి. వైరస్సు కాపలా విషయమున నొక హెచ్చరిక: లేఖలన్నియు ఒకే ఫైలుగా నున్నచో, ఒక్క చెడ్డ లేఖ కొఱకు ఆ కాపలాదారు మొత్తము ఫైలును బందిఖానాలో పెట్టవచ్చును. అందుచే ఆ ఫోల్డరును దాని లెక్కనుండి తప్పించితిమి. కాని వచ్చు లేఖలలో తెలియనివారు పంపిన జోడింపులను నేనిప్పుడు తెఱచుట లేదు.

మఱునాడు వెదకుటకై యొక మాట వ్రాయగా మరల కొంతసేపు బిగిసినది. గుండె జల్లుమన్నది. లోపల అకారాది సూచిక క్రొత్తగా తయారగుచున్నదట. రాత్రియంతయు దానిని నడువనిచ్చితిని. తెల్లవాఱునప్పటికి కుదురుకొనినది, నాటినుండి నేటివఱకు మరల బిగిసికొనలేదు.

మిత్రుని లేఖలు లెక్కించగా 214 తేలినవి. కడపటిది ద్రుతసంధిని గూర్చినది. వాక్యము నడుమ నిలిచిపోయినది, తక్కినది రేపు వ్రాయుదునని క్రింద మనుమని చేతి మాట. అన్నిటిని అచ్చు తీయించి దారముతో కుట్టించితిని. పెన్‌డ్రైవును మా పెదనాన్నగారి తాళపత్రములున్న భోషాణములో నుంచితిని. రెండవ నకలును తీసికొని వినుకొండకు బస్సెక్కి, ఆ మనుమని చేతికిచ్చి వచ్చితిని. ఆ లేఖలన్నియు తాను టైపు చేసినవేయైనను, అతని యొద్ద నొక్కటియు మిగులలేదట. అతని ఫోను ఎప్పుడో పోయినది.