పెరటి తోట, పక్కింటి కోడి



మా సంఘంలో పన్నెండు మందిమి. అందరం ఇంటి వెనక ఎంతో కొంత జాగాలో కూరగాయలు పెట్టుకుంటున్నాం. నలుగురు సంఘం అప్పుతో నాటుకోళ్లు కూడా పెంచుతున్నారు. గొడవ ఇక్కడే వచ్చింది. ఒకరి నారుమడిని ఇంకొకరి కోళ్లు గీరినయి. మాటా మాటా పెరిగింది. వడ్లల్లో మందు కలిపి పెడతామనే దాకా పోయింది.

అందరం కూర్చుని మాట్లాడుకున్నాం. కోడి మన సభ్యురాలి ఆదాయం, కూర మన పిల్లల తిండి. రెండూ ఉండాలి. మందు పెడితే కోడి ఒక్కటే చావదు, ఆడుకునే పిల్లలు ఆ గింజలు నోట్లో పెట్టుకుంటే ఏం గతి? మందు మాటే ఎత్తవద్దని తీర్మానం రాసి సంతకాలు పెట్టాం.

ఇక మేము చేసిన పనులు చెప్తాం.

కోడికి కావాల్సింది మెత్తటి మట్టి, అందులో పురుగులు, లేత మొలకలు. అందుకే విత్తనం వేశాక మూడు నాలుగు వారాలు గట్టి కాపలా కావాలి. నారుమడి మీద రేగు కంప పరిచినా, పాత దోమతెర కప్పినా సరిపోతుంది. నాటిన మొక్క మొదట్లో చుట్టూ రాళ్లు పేరిస్తే గీరలేదు.

6 అడుగుల వెడల్పు, 20 అడుగుల పొడవు మడికి చుట్టుకొలత 52 అడుగులు. చీర ఒకటి 18 అడుగులు వస్తుంది. గుంజలు పాతి మూడు పాత చీరలు కడితే చాలు. కింది అంచు మీద మట్టి కప్పాలి, లేకుంటే కోడిపిల్లలు దూరతాయి. పైన అడ్డకర్ర కట్టొద్దు. కర్ర ఉంటే కోడి దాని మీద వాలి లోపలికి దూకుతుంది.

మేకలకు చీర ఆగదు. తుమ్మ కంప వేసి, దాని వెంట వావిలి కొమ్మలు నాటాం. వావిలిని మేకలు ముట్టవు. వంగ, బెండ మొక్కలు లేతగా ఉన్నప్పుడు పేడనీళ్లు చల్లితే మేక మూతి పెట్టదు. వాన పడితే మళ్లీ చల్లాలి. ఆకుకూరల మీద మాత్రం చల్లకూడదు, మనం తినేది ఆ ఆకే కదా. కోతులొచ్చే వాడలో పసుపు, చేమ, కాకర పెట్టుకుంటున్నాం.

పందులొస్తున్నాయని కొన్నిచోట్ల కంచెకు కరెంటు పెడుతున్నారు. అక్కలారా, అది వద్దే వద్దు. చీకట్లో బయటికెళ్లిన మనిషి పోతే ఎవరు తెచ్చిస్తారు? అది నేరం కూడా.

మా కట్టుబాటు ఇది. కంచె ఖర్చు తోటవాళ్లది. విత్తనం వేసిన రోజు కోళ్లవాళ్లకు కబురు చెప్పాలి. వాళ్లు మూడు వారాలు కోళ్లను దొడ్లోనే కట్టడి చేయాలి. పంట తీసేశాక మడి తెరిచి కోళ్లను వదులుతాం, పురుగుల్ని ఏరుకు తింటాయి. కోళ్ల పెంట తోటవాళ్లకు ఇస్తారు. పచ్చిది వేస్తే మొక్క మాడుతుంది, బాగా మాగాకే వేయాలి.

గొడవపడ్డ ఆ ఇద్దరూ ఇంకా ఎక్కువ మాట్లాడుకోరు. కానీ విత్తనం వేసే రోజు కబురు మాత్రం పోతోంది. మాకు అది చాలు.

మీ సంఘాల్లో కూడా గొడవ ముదరకముందే ఇలాంటి కట్టుబాటు మినిట్స్ పుస్తకంలో రాసుకోవాలని కోరుతూ సెలవు తీసుకుంటున్నాం.