నా ఆదివారమును మోసినది ఎవరు?

ఈ ఉదయం దానియేలు గ్రంథము మొదటి అధ్యాయం తెరచి దగ్గర పెట్టుకోండి. అందులోకి వెళ్లకముందు ఒక పోస్టుమాన్ సంగతి చెబుతాను.

అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో జెరాల్డ్ గ్రాఫ్ అనే విశ్వాసి 2012లో తపాలా శాఖలో చేరాడు. 2013లో ఆ శాఖ అమెజాన్ సంస్థతో ఒప్పందం చేసుకుంది, పార్శిళ్లు ఆదివారం కూడా పంచాలని. ప్రభువు దినమున పని చేయనని ఆయన అన్నాడు. చిన్న ఊరి పోస్టాఫీసుకు మారాడు. అక్కడికీ ఆ పని వచ్చింది. ఆయన రాని ఆదివారాల్లో తోటివారు, కొన్నిసార్లు పోస్టుమాస్టరే, ఆ పార్శిళ్లు పంచారు. క్రమశిక్షణ చర్యలు మొదలయ్యాయి. 2019 జనవరిలో ఆయన రాజీనామా చేసి, కోర్టుకు వెళ్లాడు.

ఉద్యోగి విశ్వాసానికి యజమాని వీలు కల్పించాలని అక్కడి పౌరహక్కుల చట్టం చెబుతుంది. అయితే 1977 నాటి ఒక తీర్పును పట్టుకొని, కాస్త ఖర్చయినా యజమాని కాదనవచ్చునని కింది కోర్టులు చెబుతూ వచ్చాయి. 2023 జూన్ 29న సుప్రీంకోర్టు న్యాయమూర్తులు తొమ్మిదిమందీ అది చాలదన్నారు. వ్యాపారం మీద గణనీయమైన భారం పడుతుందని యజమాని చూపించాలన్నారు. కేసును మళ్లీ విచారించమని కింది కోర్టుకు పంపారు.

ఈ వార్త విని నేను సంతోషించాను. మన రాజ్యాంగం 25వ అధికరణం కూడా మనస్సాక్షి స్వేచ్ఛనిచ్చింది. గాని షిఫ్టు వేసే సూపర్‌వైజరు ఎదుట నోరు తెరిచే ధైర్యం మనలో ఎంతమందికి ఉంది? అయితే ఆ తోటి పోస్టుమాన్లు నా మనసులో నిలిచిపోయారు. వాళ్లకూ ఇల్లుంది. వాళ్లకూ ఆదివారం ఉంది.

నేను సెమినరీ నుండి వచ్చిన కొత్తలో మా సంఘంలోని ఒక నర్సు సహోదరి వరుసగా మూడు ఆదివారాలు ఆరాధనకు రాలేదు. గుమ్మం దగ్గర, నలుగురిలో, మందలించాను. "నేనొస్తే నా డ్యూటీ ఇంకొక అమ్మాయి చేయాలండీ అయ్యగారూ. ఆమెకు చంటిబిడ్డ. రాత్రి డ్యూటీ దిగి మళ్లీ పగలు నిలబడాలి" అంది. నాకు జవాబు తోచలేదు. హెబ్రీ వ్యాకరణం నేర్చుకున్నాను గాని డ్యూటీ చార్టు చదవడం నాకెవరూ నేర్పలేదు.

ఇప్పుడు దానియేలును చూడండి. రాజుగారి భోజనం ముట్టనని తీర్మానించుకున్నాడు. అందులో రాజీ లేదు. కాని ఆ తీర్మానం వల్ల ముందుగా ఎవరి తల పోతుంది? అధికారిది. కుర్రవాళ్లు చిక్కిపోతే రాజు నన్ను బ్రతకనివ్వడని అతడు భయపడ్డాడు. దానియేలు ఆ భయాన్ని చులకన చేయలేదు. అన్యుడని తీసిపారేయలేదు. పది దినములు కూరగాయలు, నీళ్లు ఇచ్చి చూడండి, ఆ తరువాత మా ముఖాలు చూసి మీరే నిర్ణయించండి అని తమపై ఉంచిన మనిషికి మనవి చేశాడు. తన మనస్సాక్షినీ కాపాడుకున్నాడు, ఎదుటివాని మెడనూ కాపాడాడు.

మీలో ఆదివారం సెలవు అడగవలసినవారు ఉన్నారు. భయపడక అడగండి, వీలైతే కాగితం మీద రాసి అడగండి. భోజనానికి ముందు కళ్లు మూసుకున్నందుకు ఎవరైనా నవ్వితే తల దించుకోవద్దు. కాని మీ స్థానంలో నిలబడేది ఎవరో ముందు తెలుసుకోండి. వారి రంజాన్‌కో, దసరాకో ఆ డ్యూటీ నేను చేస్తానని మీరే చెప్పండి. మీరు అధికారి అయితే ఇంకొక మాట. మీ కింద పనిచేసేవాడు మీ సాక్ష్యం వింటూ తల ఊపితే, అది వాక్యానికా, ఇంక్రిమెంటుకా అని ఒకసారి ఆలోచించుకోండి.

ఆ సహోదరి మాట తరువాత మా సంఘంలో ఆదివారం సాయంత్రం ఇంకొక ఆరాధన పెట్టాము. మొదటి వారం నలుగురే వచ్చారు: ఇద్దరు నర్సులు, ఒక బస్సు కండక్టరు, ఒక వాచ్‌మన్. పాట ఎత్తుకొనేవారు లేక నేనే ఎత్తుకున్నాను.

ప్రార్థన చేసుకుందాం.