తీజ్ బుట్ట మన ఇంట్లోనే మొలకెత్తాలి

(తీజ్ సన్నాహక సభలో మహిళా విభాగం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



తీజ్ పండుగ గొప్పతనం గురించి పెద్దలు మాట్లాడతారు. మా విభాగానికి అప్పగించిన పని చిన్నది. పండుగకు కావలసిన వస్తువులు ఇంట్లో ఎలా చేసుకోవాలో చెప్పమన్నారు. బుట్ట, మట్టి, గోధుమ మొలక, రేగుముళ్ల మీద శనగలు, గణగోర్ బొమ్మలు. ఇవే ఈ రోజు మా విషయం.

ఇది ఇప్పుడే ఎందుకు చెప్పాల్సి వచ్చిందో మీకు తెలుసు. పట్నంలో మనవాళ్లు జరుపుకునే తీజ్‌లో ఈ మధ్య నర్సరీ నుంచి తెచ్చిన ప్లాస్టిక్ ట్రేలు కనబడుతున్నాయి. పెంచిన గోధుమ గడ్డి ముందురోజు సాయంత్రం బండిలో దిగుతుంది. పిల్లలు దాన్ని నెత్తిన పెట్టుకుని గంటసేపు ఆడతారు, ఫొటోలు దిగుతారు, అయిపోతుంది. అలా చేసేవాళ్లను తప్పుపట్టడానికి మేము రాలేదు. హాస్టల్లో చదివే పిల్లకు, కంపెనీలో పనిచేసే పిల్లకు తొమ్మిది రోజులు సెలవు ఎవరిస్తారు? కానీ ఒక్క మాట ఆలోచించండి. తోరణం కడతాం, దీపం పెడతాం, ముగ్గు వేస్తాం. అవి ఒక పూటలో అయ్యే అలంకారాలు. తీజ్ బుట్ట అలాంటిది కాదు, అది తొమ్మిది రోజులు పెంచే అలంకారం. ఆ తొమ్మిది రోజులు తీసేస్తే మిగిలేది గడ్డి.

మన తాండాల్లో పద్ధతి అందరికీ తెలిసిందే. శ్రావణం వచ్చాక పెళ్లికాని ఆడపిల్లలంతా కలిసి నాయక్ దగ్గరకు వెళ్లి పండుగ చేసుకుంటామని అడుగుతారు. ఆయన సరేనంటే ఇంటింటి నుంచి గోధుమలు, శనగలు, బెల్లం పోగుచేస్తారు. నాయక్ ఇంటి ముందు నాలుగు గుంజలు పాతి మంచె వేస్తారు. కోళ్లకూ మేకలకూ అందకుండా బుట్టలన్నీ దాని మీద పెడతారు. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం పాటలు పాడుతూ నీళ్లు చల్లుతారు. తాండాను బట్టి తేదీలు మారతాయి. చాలాచోట్ల గోకులాష్టమి చుట్టుపక్కల ముగుస్తుంది.

ఇప్పుడు పనిలోకి వద్దాం.

మొదట బుట్ట. దూసేరు తీగతో అల్లగలిగే పెద్దలు మీ ఇంట్లో ఉంటే ఈ ఏడాది పిల్లల్ని వాళ్ల పక్కన కూర్చోబెట్టండి. లేకపోతే మేదరివాళ్ల దగ్గర వెదురు బుట్ట కొనుక్కోండి, అందులో తప్పేమీ లేదు. బుట్టే కావాలని మేము పట్టుబట్టడానికి కారణం ఉంది. శ్రావణంలో గాలిలో తేమ ఎక్కువ. ప్లాస్టిక్ ట్రేలో నీళ్లు అడుగున నిలిచి గింజ కుళ్లుతుంది, బూజు పడుతుంది. బుట్టలో ఎక్కువైన నీళ్లు సందుల్లోంచి కారిపోతాయి, వేరుకు గాలి ఆడుతుంది. మన పెద్దలు బుట్టను ఎంచుకున్నది అందం ఒక్కదాని కోసమే కాదన్నమాట.

బుట్ట అడుగున రెండు మూడు మోదుగాకులు పరిచి, పైన మూడు వేళ్ల మందాన మట్టి పోయండి. తాండాలో పుట్టమన్ను తెచ్చి, బాగా మాగిన మేకల ఎరువు కలుపుతారు. పట్నంలో పుట్ట దొరక్కపోతే పూలకుండీ మట్టిలో కొంచెం మాగిన ఎరువు కలిపినా చాలు. పచ్చి ఎరువు మాత్రం వద్దు, అది వేడి చేసి మొలకను మాడ్చేస్తుంది.

గోధుమల విషయంలో ఒక జాగ్రత్త. విత్తనాల దుకాణంలో కొనకండి. విత్తడానికి అమ్మే గింజలకు చాలాసార్లు మందు పట్టించి ఉంటుంది. పిల్లలు చేతులతో తాకేది కాబట్టి, కిరాణా కొట్లో పిండికి కొనే గోధుమలే మంచివి. అడుగు వెడల్పు బుట్టకు పావుకిలో సరిపోతుంది. సాయంత్రం నానబెట్టి, పొద్దున నీళ్లు వంపేసి, తడిగుడ్డలో మూటకట్టి ఒక రాత్రి ఉంచండి. ముక్కు తెల్లగా పొడుచుకు రాగానే గింజ పక్కన గింజ ఆనేటట్టు చిక్కగా చల్లి, పైన పలచగా మట్టి కప్పండి.

రెండో రోజో మూడో రోజో వేరు చుట్టూ తెల్లని నూగు కనబడుతుంది. కొత్తగా చేసేవాళ్లు అది బూజు అనుకుని కంగారుపడి పారేస్తుంటారు. నీళ్లు చల్లి చూడండి. నూగు అణిగిపోతే అవి పిల్లవేళ్లు, భయం లేదు. అణగకుండా పైపైన పాకుతూ, ముక్కవాసన వస్తుంటే అప్పుడు అది బూజు. అంతవరకు తీసేసి నీళ్లు తగ్గించండి. అంతా సవ్యంగా సాగితే తొమ్మిదో రోజుకు మొలక ఏడెనిమిది అంగుళాలు లేస్తుంది.

ఇక బుట్టను ముస్తాబు చేయడం. ఇక్కడ మీ ఇష్టం మీది. చినిగిన ఫేటియా అంచు, కాంచళికి కుట్టగా మిగిలిన అద్దాలు, గవ్వలు, ఊలు కుచ్చులు, పాత చొక్కా గుండీలు, చిల్లు కాణీలు, ఏది ఉంటే అది. మన యాడీలు నీళ్ల బిందె కింది చుట్టకుదురును కూడా గవ్వలతో సింగారించినవాళ్లు. ఒక బుట్ట ఇంకో బుట్టలా ఉండక్కర్లేదు. కుచ్చు వంకరగా వేలాడితే వేలాడనివ్వండి, అది కుట్టిన పిల్ల ఎవరో దూరం నుంచే తెలుస్తుంది. అయితే అద్దాలు, గవ్వలు అన్నీ ఒక గుడ్డపట్టీకి కుట్టి, ఆ పట్టీని బుట్టకు చుట్టండి. నిమజ్జనం ముందు పట్టీ విప్పి దాచుకుంటే వచ్చే ఏడాది చెల్లెలి బుట్టకు పనికొస్తుంది. చెరువులోకి మొలక, మట్టి పోతే చాలు. థర్మాకోల్, మెరుపు కాగితం మన చెరువుల్లోకి వద్దు.

తర్వాత బోరడి ఝష్కేరో. నానబెట్టిన శనగలను రేగుకొమ్మ ముళ్లకు ఒక్కొక్కటిగా గుచ్చడం. బయటివాళ్లు చూస్తే ఇదేం వింత అలంకారం అంటారు. ముల్లు కనబడకుండా ప్రతి కొనకూ ఒక శనగ నిలబడితే ఆ కొమ్మకు పూత పట్టినట్టే ఉంటుంది. పిల్లలు గుచ్చుతుంటే బావ వరస కుర్రాళ్లు కొమ్మను ఊపుతారు, అల్లరి చేస్తారు. వేలికి ముల్లు దిగకుండా, కోపం తెచ్చుకోకుండా గుచ్చి ముగించాలి. ఓర్పుకు ఇది ఆటలాంటి పరీక్ష. శనగలు ఎనిమిది గంటలు నానితే చాలు. అంతకు మించి నానితే పప్పు బద్దలై జారిపోతుంది. పట్నం పిల్లలు పళ్లపుల్లల మీద గుచ్చుతున్నారని విన్నాం. ఊరి బయట రేగుచెట్టు లేని దారి మన దగ్గర తక్కువ. ఆదివారం పిల్లల్ని తీసుకుని వెళ్లి ఒక కొమ్మ తెచ్చుకోండి.

ఏడో రోజు ఢమోళి, ఆ రోజు రొట్టె నలిపి బెల్లం, నెయ్యి కలిపి చుర్మో చేస్తాం. దాని తర్వాత గణగోర్ బొమ్మలు. చెరువు నల్లమట్టిలో రాళ్లు ఏరి, సన్నగా తరిగిన గడ్డి కొంచెం కలిపి, చపాతీ పిండిలా పిసకండి. నడుమ ఒక పుల్ల పెట్టి జానెడు ఎత్తున ఆడబొమ్మ, మగబొమ్మ చేసి నీడలో ఆరబెట్టండి. ఎండలో పెడితే పగుళ్లిస్తాయి. ఆడబొమ్మకు ఫేటియా, మగబొమ్మకు తలపాగా. కళ్లకు జొన్నగింజలు పెట్టండి. ఎర్రగా అందంగా ఉన్నాయని గురివింద గింజలు మాత్రం పెట్టవద్దు. పసిపిల్లలు కొరికితే అవి విషం. బొమ్మ ముక్కు ఒకవైపు వాలినా, కాళ్లు పొట్టివైనా నవ్వుకుందాం. అచ్చులో పోసిన బొమ్మకు అంత నవ్వు రాదు.

ఇంతవరకు చేతిపని. ఇప్పుడు పెద్దలందరూ వినవలసిన మాట ఒకటి ఉంది.

మొలక ఏపుగా లేస్తే తాండాకు పంట బాగుంటుందని, ఆ పిల్లకు మంచి మొగుడు వస్తాడని మనలో ఒక నమ్మకం. సరదాగా అనుకున్నంతసేపు బాగానే ఉంటుంది. మరి ఒకరి బుట్ట పాలిపోతే? పక్కబుట్ట పచ్చగా ఉండి తనది పసుపుపచ్చగా ఉంటే ఆ పిల్ల మీద నలుగురూ గుసగుసలాడతారు. నిష్ఠ తప్పిందంటారు, అదృష్టం లేదంటారు. పద్నాలుగు పదిహేనేళ్ల పిల్ల ఆ మాట మోసుకుని తిరగాలి.

మేము ఇన్ని బుట్టలు చూశాక చెబుతున్నాం. మొలక పసుపుపచ్చగా ఉందంటే వెలుతురు చాలలేదని అర్థం. ఆకు పచ్చబడాలంటే పత్రహరితం కావాలి, అది తయారు కావడానికి వెలుతురు కావాలి. మంచె నడుమ నీడలో పడిన బుట్ట పాలిపోతుంది, అంచున ఉన్నది పచ్చబడుతుంది. రోజూ బుట్టల చోటు మార్చి చూడండి, రెండు రోజుల్లో తేడా తెలుస్తుంది. ఒకవైపే ఒరిగితే తిప్పి పెట్టండి. కుళ్లితే నీళ్లు ఎక్కువయ్యాయి. అసలు మొలవకపోతే గింజ పాతది. ఇందులో పిల్ల తప్పు ఎక్కడుంది? ఆమె జాతకం ఎక్కడుంది? ఇంట్లో బుట్ట పెంచమని మేము అడగడానికి ఇదే పెద్ద కారణం. స్వయంగా పెంచిన పిల్లకు మొలక ఎందుకు పాలిపోయిందో తెలుస్తుంది. తెలిసిన పిల్లను ఎవరూ మాటతో కుంగదీయలేరు. రేపు చదువు దగ్గరా, పెళ్లి దగ్గరా ఎవరైనా నీ రాత ఇంతే అంటే, కారణం ఏమిటో చెప్పమని అడగగలుగుతుంది.

అన్నదమ్ములకు కూడా ఒక మాట. చివరి రోజు చెల్లెలు తెంచి ఇచ్చే మొలకను తలపాగాలో పెట్టుకుంటారు, చాలా తాండాల్లో ఆమె కాళ్లు కడుగుతారు. ఆ ఒక్క పూట గౌరవంతో సరిపెట్టవద్దు. హాస్టల్ నుంచి చెల్లెలు రెండు రోజులకే రాగలిగితే మిగతా ఏడు రోజులు బుట్టకు నీళ్లు మీరు చల్లండి. ఆడపిల్లలు తప్ప ఇంకెవరూ బుట్ట ముట్టకూడదనే ఆచారం మీ తాండాలో ఉంటే నాయక్‌తో కూర్చుని మాట్లాడండి. కనీసం నీళ్లు మోసుకురావడానికి, మంచె వేయడానికి, రేగుకొమ్మ నరికి తేవడానికి ఎవరూ అడ్డుచెప్పరు.

2018 చట్టంతో తెలంగాణలో ఎన్నో తాండాలు గ్రామ పంచాయతీలయ్యాయి. సంతోషం. పండుగకు వేదిక, మైకు, లైట్లు వచ్చాయి. కానీ వేదిక పెద్దదైనకొద్దీ మంచె చిన్నదవుతోంది. డీజేకు పెట్టే ఖర్చులో కొంత గోధుమలకు, వెదురు బుట్టలకు, పని నేర్పే ముసలి యాడీల దారిఖర్చులకు పెట్టమని పంచాయతీ పెద్దలను వేడుకుంటున్నాం. మన గోర్ బోలికి సొంత లిపి లేదు. ఈ పనులన్నీ చేతి నుంచి చేతికి వచ్చినవే. ఒక తరం చేయి ఆపేస్తే తర్వాతి తరం చూసి నేర్చుకునేందుకు ఏమీ మిగలదు.

చివరిగా మేము కోరేది ఇంతే. ఈ శ్రావణంలో ఇంటికి ఒక బుట్ట. తాండాలో ఉన్నవాళ్లు మంచె మీద, పట్నంలో ఉన్నవాళ్లు బాల్కనీలో, దేశం దాటి ఉన్నవాళ్లు వెలుతురు వచ్చే కిటికీ దగ్గర. తొమ్మిదో రోజు అన్నీ ఒకచోట చేరుద్దాం. పొడుగుది, పొట్టిది, పచ్చనిది, పాలిపోయినది, అన్నిటినీ ఒకే వరుసలో పెట్టి, ఒకే పాట పాడుతూ వాటి చుట్టూ ఆడదాం. ఈ సభ అయ్యాక వెనుక బల్ల దగ్గర మేముంటాం. నానబెట్టిన గోధుమలు, మట్టి, బుట్టలు తెచ్చాం. పిల్లలూ, రండి, చేతులు మట్టి చేసుకుందాం.