కంది వేరును వెతుక్కునే సూక్ష్మజీవి

యాదగిరిగుట్ట చుట్టుపక్కల చెల్కల్లో కంది మొక్కను పీకి చూడండి, వేళ్లకు చిన్న బుడిపెలు కనిపిస్తాయి. వాటిలో ఉండే రైజోబియం జాతి బాక్టీరియా గాలిలోని నత్రజనిని మొక్కకు అందిస్తుంది. మరి కళ్లూ ముక్కూ లేని ఆ జీవికి వేరు ఎటుందో ఎలా తెలుస్తుంది? వేరు నుంచి ఊరే రసాయనాలు దగ్గర చిక్కగా, దూరాన పలచగా ఉంటాయి. ఆ తేడాను పసిగట్టి అది ఈదుతుంది.

ఇలాంటి ఈతను గమనించడానికి శాస్త్రజ్ఞులు వెంట్రుకంత సన్నని కాలువలున్న సిలికోన్ రబ్బరు పలకలు తయారుచేస్తారు. అంత ఇరుకులో రెండు ద్రవాలు పక్కపక్కనే పారినా సుడులు తిరిగి కలిసిపోవు. అణువులు మెల్లగా అటూ ఇటూ వ్యాపిస్తాయంతే. అందుకే ఏ చోట ఎంత చిక్కదనం ఉంటుందో ముందే లెక్కకట్టవచ్చు. 2003లో అమెరికాలోని టెక్సాస్ పరిశోధకులు ఇలాంటి పరికరంతోనే ఇ.కోలై అనే మరో బాక్టీరియా ఎటు మళ్లుతుందో కొలిచారు. ఇ.కోలై సుమారు ఒక సెకను తిన్నగా ఈది, పల్టీ కొట్టి, దిక్కు మార్చుకుంటుంది. ఆహారం చిక్కబడుతున్నకొద్దీ పల్టీలు తగ్గి, తిన్నని ఈత సాగుతుంది. ఎంత చక్కని ఉపాయం!

రైతు సోదరులారా, వేరును వెతుక్కునే రైజోబియం దగ్గర్లోనే ఉండేలా ఈసారి కంది గింజలకు రైజోబియం కల్చర్ పట్టించి, నీడలో ఆరబెట్టి విత్తండి.